రెండు కోర్లుండగా 50 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

రెండు కోర్ల కంప్యూటర్‌లో (ప్రాసెసర్‌లో ఆదేశాలు అమలు చేసే భాగమే కోర్) పాత ప్రోగ్రామ్ ఏదో ఒకదానితో గంట నిడివి వీడియోను వేరే ఫార్మాట్‌లోకి మార్చమని పెట్టి, ప్రాసెసర్ ఎంత వాడుకలో ఉందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. సీపీయూ (ప్రాసెసర్) వాడకం 50 శాతం దగ్గర గీత గీసినట్టు నిలబడిపోతుంది. 49, 50, మళ్లీ 50. పని చూస్తే నత్తనడక. సగం ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చుంటే మిగతా సగమే చెమటోడుస్తోందా? విండోస్‌లో ఏదో సెట్టింగ్ మిగిలిపోయి ఉంటుంది, రెండో కోర్‌ను మనమే ఆన్ చెయ్యాలేమో అనుకుని వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు నేనూ వెతికాను.

రెండో కోర్ ఆన్‌లోనే ఉంది. ఆ 50 అనే అంకె నిజమే చెబుతోంది, దాన్ని చదవడం మనకు రావాలి. అందుకు ప్రాసెసర్ పని ఎక్కడిదాకా, ఆపరేటింగ్ సిస్టమ్ పని ఎక్కడిదాకా, ప్రోగ్రామ్ రాసినవాళ్ల వంతు ఎంత అన్నది విడివిడిగా చూడాలి. డ్యుయల్ కోర్ (రెండు కోర్ల ప్రాసెసర్) మీద తిరిగే అపోహల్లో చాలా భాగం ఈ మూడింటినీ ఒకే ముద్దగా చూడటం వల్ల పుట్టినవే.

గిగాహెర్ట్జ్ పరుగు ఎందుకు ఆగింది

2004 దాకా ప్రాసెసర్ వేగమంటే గిగాహెర్ట్జే, అంటే దాని గడియారం సెకనుకు ఎన్ని వందల కోట్ల సార్లు కొట్టుకుంటుందన్న లెక్క. ఇంటెల్ వారి పెంటియం 4 ప్రాసెసర్ 2000 నవంబరులో 1.4, 1.5 గిగాహెర్ట్జ్‌తో మొదలై నాలుగేళ్లలో 3.8కి ఎక్కింది. తర్వాతి మెట్టు 4 అని ఇంటెల్ ముందే చెప్పుకుంది, తీరా 2004 అక్టోబరులో ఆ చిప్‌ను విరమించుకుంది. అడ్డం వచ్చింది వేడి. అంతకుముందు ట్రాన్సిస్టర్‌ను (చిప్‌లోని అతిచిన్న స్విచ్) చిన్నది చేసినప్పుడల్లా దానికిచ్చే వోల్టేజీని కూడా తగ్గించుకుంటూ వచ్చారు కాబట్టి వేగం పెరిగినా వేడి అదుపులో ఉండేది. ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్ బృందం 1974లో చెప్పిన సూత్రం ఇది. చిప్‌ల తయారీ 90 నానోమీటర్ల స్థాయికి వచ్చేసరికి ట్రాన్సిస్టర్లు పని లేనప్పుడు కూడా కరెంటును కారుస్తూ ఉండటంతో వోల్టేజీని ఇక పెద్దగా దించే వీల్లేకపోయింది.

ఇక్కడొక చిన్న లెక్క ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. చిప్ తినే విద్యుత్తు స్థూలంగా దాని వేగానికీ, వోల్టేజీ వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. వేగం తగ్గిస్తే వోల్టేజీ కూడా కొంత దించవచ్చు. రెండింటినీ 20 శాతం చొప్పున తగ్గించామనుకోండి. 0.8ని మూడుసార్లు హెచ్చవేస్తే 0.51 వస్తుంది. అంటే పోయిన వేగం ఐదో వంతు, మిగిలిన విద్యుత్తు దాదాపు సగం. ఆ మిగిలిన సగంతో అలాంటిదే ఇంకో కోర్ నడపవచ్చు. అదే కరెంటు ఖర్చుకు 1కి బదులు 1.6 పని, కనీసం కాగితం మీద.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఐబీఎం 2001లో పవర్4 అనే సర్వర్ చిప్‌లో ఇమిడ్చి చూపింది. డెస్క్‌టాప్‌కు 2005 మే నెలలో ఇంటెల్ పెంటియం డీ, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 కొద్ది రోజుల తేడాతో వచ్చాయి. రెండింటి లోపలి కథ ఒకటి కాదు. పెంటియం డీలో ఒక కోర్ పక్క కోర్‌తో మాట్లాడాలంటే చిప్ దాటి మదర్‌బోర్డు మీది బస్ (డేటా నడిచే తీగల దారి) ఎక్కి తిరిగి రావాలి. ఒకే ఇంట్లో పక్క గదికి వెళ్లడానికి వీధి చుట్టి వచ్చినట్టు. ఏఎండీ ఆ దారిని చిప్ లోపలే వేసింది. 2006 జులైలో వచ్చిన కోర్ 2 డ్యుయోలో ఇంటెల్ కూడా రెండు కోర్లకూ ఉమ్మడిగా ఒకే ఎల్2 క్యాష్ (తరచూ కావాల్సిన డేటాను చేతికందేలా ఉంచుకునే చిన్న మెమరీ) పెట్టి ఆ లోటు తీర్చుకుంది.

పనిలో పనిగా రెండు అపోహలు. రెండు 2 గిగాహెర్ట్జ్ కోర్లు కలిస్తే 4 గిగాహెర్ట్జ్ కాదు. ఇద్దరు టైపిస్టులుంటే రెండు ఉత్తరాలు ఒకేసారి తయారవుతాయి గానీ ఒకే ఉత్తరం సగం సమయంలో రాదు. ఇక డ్యుయల్ కోర్‌కూ 64 బిట్‌కూ (ఒక్క విడతలో ఎంత పెద్ద అంకెను పట్టుకోగలదన్న కొలత) సంబంధమే లేదు. 2003 నాటి అథ్లాన్ 64 అనేది 64 బిట్ చిప్, కోర్ ఒక్కటే. 2006 జనవరిలో వచ్చిన కోర్ డ్యుయోలో కోర్లు రెండు, కానీ అది 32 బిట్ చిప్.

రెండో కోర్‌ను నిద్ర లేపేదెవరు

పవర్ బటన్ నొక్కినప్పుడు రెండు కోర్లూ ఒకేసారి పనిలోకి దిగవు. ఒక్క కోరే ముందుకు వచ్చి బయాస్‌ను (మిషన్ మొదలవగానే నడిచే, బోర్డులోని చిన్న ప్రోగ్రామ్) నడిపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను డిస్క్ నుంచి మెమరీలోకి ఎక్కిస్తుంది. రెండోది పిలుపు కోసం ఎదురుచూస్తూ పడి ఉంటుంది. ఈ మిషన్‌లో ఎన్ని కోర్లున్నాయో చెప్పే పట్టికను బయాస్ మెమరీలో రాసి పెడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ ఆ పట్టిక చదివి, మొదటి కోర్ చేత రెండోదానికి లేవమని సంకేతం పంపిస్తుంది. ఈ ఫలానా చిరునామా నుంచి పని మొదలుపెట్టు అని కూడా చెబుతుంది.

ఆ సంకేతం పంపడం తెలియని ఆపరేటింగ్ సిస్టమ్ అయితే? రెండో కోర్ మిషన్ ఆపేదాకా నిద్రలోనే ఉంటుంది. విండోస్ 95, 98, ఎంఈల సంగతి అదే. వాటిని ఒక్క ప్రాసెసర్ కోసమే రాశారు. 1993లో మొదలైన విండోస్ ఎన్‌టీ వంశానికి మాత్రం పుట్టుకతోనే ఒకటికి మించిన ప్రాసెసర్లను నడపడం వచ్చు. విండోస్ 2000, ఎక్స్‌పీ, ఆ తర్వాత వచ్చినవన్నీ ఆ వంశానివే.

ఎక్స్‌పీ రోజుల్లో దీనికో తమాషా ఉండేది. దాని దగ్గర కెర్నల్ రెండు రకాలుగా ఉండేది, ఒక్క ప్రాసెసర్‌కు ఒకటి, ఎక్కువ ప్రాసెసర్లకు ఇంకొకటి. ఏది కావాలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే తేల్చుకునేది. ఆ తర్వాత అదే బోర్డు మీద సింగిల్ కోర్ తీసేసి డ్యుయల్ కోర్ బిగిస్తే, కొన్నిసార్లు టాస్క్ మేనేజర్‌లో ఒక్క గ్రాఫే కనిపించేది. డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ అనే పేరు కింద యూనిప్రాసెసర్ అని ఉన్నదాన్ని మల్టీప్రాసెసర్ అని మార్చి రీస్టార్ట్ చేస్తే తప్ప రెండోది లేచేది కాదు. సెట్టింగ్ మిగిలిపోయిందేమో అన్న అనుమానానికి బహుశా అసలు మూలం ఇదే.

లైసెన్స్ భయం కూడా ఉండేది. ఎక్స్‌పీ హోమ్‌కు ఒకే ప్రాసెసర్ అనుమతి, ప్రొఫెషనల్‌కు రెండు. మరి డ్యుయల్ కోర్ పెడితే హోమ్ పనికిరాదా అని అడిగేవాళ్లు. తాము లెక్కపెట్టేది బోర్డు మీది సాకెట్లనే (ప్రాసెసర్ బిగించే గూళ్లు) గానీ లోపలి కోర్లను కాదని మైక్రోసాఫ్ట్ 2004 అక్టోబరులోనే తేల్చేసింది. హోమ్ ఎడిషన్ కూడా రెండు కోర్లనూ హాయిగా వాడుకునేది.

ఇప్పటికీ చలామణీలో ఉన్న చిట్కా ఇంకొకటి ఉంది. ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల పరికరం తెరిచి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి, ప్రాసెసర్ల సంఖ్య దగ్గర టిక్ పెట్టి 2 ఎంచుకుంటే వేగం పెరుగుతుందట. ఆ గడి ఖాళీగా ఉన్నప్పుడే విండోస్ ఉన్న కోర్లన్నీ వాడుకుంటుంది. అసలు దాన్ని పెట్టిందే కోర్లను తగ్గించి పరీక్షించుకునేవాళ్ల కోసం. పొరపాటున అందులో 1 ఎంచుకుని మరిచిపోతే ఒక కోర్ పోగొట్టుకున్నట్టే.

ఒక సెకనులో 64 సార్లు

కోర్‌కు ప్రోగ్రామ్ అంటే ఏమిటో తెలియదు. ఒకదాని తర్వాత ఒకటిగా ఆదేశాలు అమలు చేసుకుంటూ పోవడమే దానికి తెలిసిన విద్య. బ్రౌజర్, ప్లేయర్, యాంటీవైరస్ అన్న తేడాలు ఆపరేటింగ్ సిస్టమ్ లెక్కలో మాత్రమే ఉంటాయి. ప్రతి ప్రోగ్రామ్‌లోనూ కనీసం ఒక థ్రెడ్ ఉంటుంది. థ్రెడ్ అంటే వరుసగా నడవాల్సిన ఒక ఆదేశాల ధార. కోర్ల మీదికి ఎక్కేవి ఈ థ్రెడ్లే. ఏ థ్రెడ్ ఏ కోర్ మీద, ఎంతసేపు అన్నది కెర్నల్‌లోని షెడ్యూలర్ నిర్ణయం.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూస్తే థ్రెడ్లు వెయ్యికి పైనే కనిపిస్తాయి, సీపీయూ మాత్రం 2 శాతం. ఇందులో మాయేమీ లేదు. వాటిలో దాదాపు అన్నీ నిద్రలో ఉన్నాయి. ఒకటి కీబోర్డ్ కోసం, ఒకటి డిస్క్ నుంచి రావాల్సిన డేటా కోసం, ఒకటి నెట్‌వర్క్ జవాబు కోసం కాచుకుని ఉంటాయి. నిద్ర లేచి, నాకూ పనుంది అని వరుసలో నిలబడ్డ థ్రెడ్లకే కోర్ దొరుకుతుంది.

విండోస్ గడియారం మామూలుగా 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 64 సార్లు కోర్‌ను తట్టి లేపుతుంది. డెస్క్‌టాప్ విండోస్‌లో ఒక థ్రెడ్‌కు ఒక విడతలో దక్కే సమయం మామూలుగా రెండు తట్లు, సుమారు 31 మిల్లీసెకన్లు. మీరు ఎదురుగా తెరిచి పెట్టుకున్న విండో తాలూకు థ్రెడ్లకు దానికి మూడింతల దాకా ఇస్తుంది. కళ్ల ముందున్న పని చురుగ్గా సాగితే మిషన్ మొత్తం చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది మరి. వీటన్నిటి పైన 0 నుంచి 31 దాకా ప్రాధాన్యాల మెట్లున్నాయి. పై మెట్టు థ్రెడ్ లేచిందంటే కింది మెట్టు థ్రెడ్ గడువు తీరకముందే దిగిపోవాలి.

ఒకే కోర్ ఉన్నప్పుడు ఈ తిప్పుడంతా కనికట్టు. పది ప్రోగ్రాములు ఒకేసారి నడుస్తున్నట్టు కనిపించినా, ఏ క్షణంలో ఆపి చూసినా నడుస్తున్నది ఒక్కటే. రెండో కోర్ వచ్చాకే డెస్క్‌టాప్ మీద రెండు పనులు నిజంగా ఒకే క్షణంలో జరగడం మొదలైంది.

ఇప్పుడు 50 శాతం సంగతి విప్పవచ్చు. ఆ పాత వీడియో ప్రోగ్రామ్‌లో బరువు మోసే థ్రెడ్ ఒక్కటే. ఒక థ్రెడ్ ఒక క్షణంలో ఒక కోర్ మీదే ఉండగలదు. ఆ కోర్ నూటికి నూరు శాతం పనిచేస్తోంది, రెండోదానికి ఇవ్వడానికి షెడ్యూలర్ దగ్గర థ్రెడ్డే లేదు. రెండింటి సగటు 50. నాలుగు కోర్లుంటే అదే ప్రోగ్రామ్ 25 దగ్గర ఆగుతుంది, ఎనిమిదైతే 12.5 దగ్గర. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో టాప్ అనే ఆదేశం ఇదే విషయాన్ని ఇంకా సూటిగా చెబుతుంది. అక్కడ ఒక కోర్ నిండితే 100, రెండు నిండితే 200.

ఒక చిక్కుముడి మిగిలింది. కోర్‌కొక గ్రాఫ్ చొప్పున పెట్టి చూస్తే ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా కనిపించాలి కదా? చాలాసార్లు రెండూ సగం సగం కనిపిస్తాయి. ఒక పనిని విండోస్ రెండుగా చీల్చి పంచిందని దాన్ని చూసి అనుకునేవాళ్లున్నారు. పంచలేదు. అదే థ్రెడ్‌ను షెడ్యూలర్ కాసేపు ఇటు, కాసేపు అటు కూర్చోబెడుతోంది, గ్రాఫ్ ఆ సగటునే గీస్తోంది. కావాలంటే టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో ఆ ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి, సెట్ ఎఫినిటీలో (ప్రోగ్రామ్ ఏ కోర్ల మీద నడవచ్చో ఎంచుకునే చోటు) ఒక కోర్‌కు టిక్ తీసెయ్యండి. క్షణంలో ఒక గ్రాఫ్ పైకప్పుకు అంటుకుంటుంది, రెండోది నేలకు పడుతుంది. పని పూర్తయ్యే సమయం మాత్రం పెద్దగా మారదు. మామూలుగా షెడ్యూలర్ కూడా థ్రెడ్‌ను పాత కోర్ మీదే ఉంచాలని చూస్తుంది, ఎందుకంటే దానికి కావాల్సిన డేటా ఆ కోర్ క్యాష్‌లో ఇంకా ఉండే అవకాశం ఎక్కువ.

మరి ఆపరేటింగ్ సిస్టమే చీల్చి ఇవ్వచ్చుగా?

ఇది న్యాయమైన ప్రశ్న. కుదరదు. వడ్డీ మీద వడ్డీ పడే అప్పును నెలనెలా లెక్కగట్టే ప్రోగ్రామ్ ఉందనుకోండి. రెండో నెల అంకె కావాలంటే మొదటి నెల అంకె తేలాలి. జూన్ నెలను ఇంకో కోర్‌కు ఇచ్చి, మే సంగతి తర్వాత చెబుతానంటే అది చేసేదేముంది? అదే ఒక ఫోటోను కాస్త వెలుతురు పెంచమన్నామనుకోండి, పై సగం ఒక కోర్, కింది సగం ఒక కోర్ ఎవరి దారిన వారు చేసుకుపోవచ్చు. ఏ పని ఏ రకందో ఆదేశాల ధార చూసి కెర్నల్ కనిపెట్టలేదు. ఆ పని రాసినవాళ్లకే తెలుసు.

రాసినవాళ్లు ఎంత కష్టపడినా లాభానికి హద్దు ఉంది. కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్‌డాల్ 1967లోనే ఆ హద్దు గీశాడు. పనిలో సగం మాత్రమే పంచడానికి వీలైతే, రెండు కోర్లతో వచ్చే వేగం 1.33 రెట్లే. 90 శాతం పంచగలిగినా 1.82. కచ్చితంగా రెండు రెట్లు కావాలంటే ఆసాంతం పంచగలిగిన పని కావాలి, అలాంటివి డెస్క్‌టాప్ మీద అరుదు.

పంచుకోవడంలో ఉన్న అసలు ప్రమాదం వేరు. ఈ ప్రయోగం చేసి చూడండి. సి భాషలో ఒకే కౌంటర్‌ను రెండు థ్రెడ్లు చెరో పది లక్షల సార్లు ఒకటి చొప్పున పెంచేలా చిన్న ప్రోగ్రామ్ రాసి, కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆపి నడపండి. చివర్లో 20 లక్షలు రావాలి. రెండు కోర్ల మీద దాదాపు ఎప్పుడూ రాదు. 20 లక్షల కన్నా తక్కువే వస్తుంది, నడిపిన ప్రతిసారీ వేరే అంకె వస్తుంది. ఒకటి కూడటం అంటే మనకు ఒక పని, ప్రాసెసర్‌కు మూడు. మెమరీ నుంచి చదవడం, కూడటం, తిరిగి రాయడం. మొదటి కోర్ 41 చదివింది, రెండోది కూడా 41 చదివింది, ఇద్దరూ 42 రాశారు. రెండుసార్లు పెంచితే లెక్కలో ఒక్కటే పడింది.

ఒకే కోర్ మీద ఇలాంటి తప్పులు ఏళ్ల తరబడి దాగి ఉండగలవు, ఎందుకంటే మధ్యలో దూరేవాళ్లు అరుదు. అలా దాక్కున్న తప్పులున్న ప్రోగ్రాములు డ్యుయల్ కోర్ మిషన్ ఎక్కగానే ఉన్నట్టుండి కూలిపోవడం మొదలైంది. మిషన్ పాడైందని జనం అనుకున్నారు. పాడై ఉన్నది ప్రోగ్రామ్, అదీ మొదటి నుంచీ.

దీనికి విరుగుడు తాళం. ఒక థ్రెడ్ కౌంటర్‌ను ముట్టుకునే ముందు లాక్ తీసుకుంటుంది, పని కాగానే వదిలేస్తుంది, అందాకా రెండోది బయట నిలబడుతుంది. లెక్క సరిపోతుంది. కానీ బయట నిలబడ్డ కోర్ చేసే పనేమీ లేదు కాబట్టి, తాళాలు ఎక్కువైతే రెండు కోర్లుండీ ఒక్కదానితో సమానం.

ఈ తిప్పలు ప్రోగ్రాములవే కావు, కెర్నల్ కూడా పడింది. 1996లో వచ్చిన లినక్స్ 2.0 ఒకటికి మించిన ప్రాసెసర్లను నడపడం నేర్చుకుంది గానీ, కెర్నల్ మొత్తానికీ ఒకే పెద్ద తాళం వేసి ఆ పని కానిచ్చింది. ఒక ప్రాసెసర్ కెర్నల్ లోపల ఉంటే రెండోది గుమ్మం బయటే. ఆ తాళాన్ని చిన్న చిన్న తాళాలుగా విడగొడుతూ పోయి, 2011లో 2.6.39 నాటికి గానీ పూర్తిగా వదిలించుకోలేకపోయారు. పదిహేనేళ్లు! విండోస్‌లో షెడ్యూలర్ మొత్తాన్ని కాపలా కాసిన ఉమ్మడి తాళం 2009లో విండోస్ 7తో పోయింది. రెండు కోర్లకు అది పెద్ద అడ్డు కాదు, పదుల సంఖ్యలో కోర్లున్న సర్వర్లలోనే దాని బాధ తెలిసేది.

తాళాలు లేకపోయినా కోర్ల మధ్య ఒక మౌన సంభాషణ ఎప్పుడూ నడుస్తుంటుంది. ఒకే డేటా నకళ్లు రెండు క్యాష్‌లలో ఉన్నప్పుడు, ఒకరు మార్చితే రెండోవారి నకలు చెల్లదని తెలియజేయాలి. ఇది హార్డ్‌వేర్ చూసుకుంటుంది, మామూలుగా 64 బైట్ల ముక్కల చొప్పున. సంబంధం లేని రెండు అంకెలు దురదృష్టవశాత్తూ ఒకే 64 బైట్లలో పడితే, రెండు కోర్లూ ఆ ముక్కను ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ కాలం గడుపుతాయి. ప్రోగ్రామ్‌లో తప్పేమీ కనపడదు, నడక మాత్రం సాగదు.

గడియారాలు తేడా వచ్చిన రోజులు

అథ్లాన్ 64 ఎక్స్2 కొన్నవాళ్లకు కొన్ని గేముల్లో వింత అనుభవాలయ్యాయి. పాత్రలు ఉన్నట్టుండి ఉరికేవి, వెనక్కి గెంతేవి. ప్రతి కోర్‌లోనూ క్లాక్ టిక్కులను లెక్కపెట్టే ఒక లెక్కపుస్తకం ఉంటుంది. గేములు సమయం చూసుకోవడానికి దాన్నే నేరుగా చదివేవి. కరెంటు ఆదా కోసం కోర్లు ఆగి నడిచే క్రమంలో రెండు పుస్తకాల లెక్కా తప్పింది. గేమ్ థ్రెడ్ మొదటి కోర్ మీద ఉండగా ఒకసారి సమయం చూసి, రెండో కోర్ మీదికి మారాక మళ్లీ చూస్తే కాలం వెనక్కి వెళ్లినట్టు కనిపించేది. ఏఎండీ డ్యుయల్ కోర్ ఆప్టిమైజర్ అనే చిన్న ప్రోగ్రామ్ విడుదల చేసింది. ఎక్స్‌పీ బూట్ ఫైల్‌లో వేరే టైమర్ వాడమని ఒక మాట చేర్చడం ఇంకో మార్గం. ఈ రెండూ తెలియనివాళ్లు ఎఫినిటీ పెట్టి గేమ్‌ను ఒక్క కోర్‌కు కట్టేసేవాళ్లు. రెండు కోర్లకు డబ్బు పోసి ఒకదాన్ని చేతులారా పక్కన పెట్టడమన్నమాట.

ఇన్ని తంటాలున్నా, సింగిల్ కోర్ నుంచి డ్యుయల్ కోర్‌కు మారినవాళ్లెవరూ తిరిగి వెనక్కి వెళ్తామనలేదు. దానికి కారణం వీడియో సగం సమయంలో పూర్తవడం కాదు, చాలా ప్రోగ్రాములు అప్పటికింకా ఒక్క థ్రెడ్‌తోనే ఉన్నాయి. యాంటీవైరస్ డిస్క్ మొత్తం జల్లెడ పడుతున్నా మెనూ నొక్కగానే తెరుచుకోవడం, పాట తెగకుండా వినిపించడం, ఇవీ వాళ్లకు నచ్చినవి. మొండి థ్రెడ్ ఒక కోర్‌ను ఆక్రమించినా మిగతా మిషన్‌కు ఊపిరాడటానికి ఇంకోటి ఉంది. 2021లో వచ్చిన విండోస్ 11 కనీస అర్హతల్లోనే రెండు కోర్లు ఉండాలని రాసింది.

అయినా రెండో కోర్ తీర్చలేని బాధలున్నాయి. విండో తెల్లబారి నాట్ రెస్పాండింగ్ అని వచ్చిందంటే, ఆ ప్రోగ్రామ్‌లో మన క్లిక్కులను వినాల్సిన థ్రెడ్ ఐదు సెకన్లుగా పలకడం లేదని అర్థం. కోర్లెన్ని ఖాళీగా ఉన్నా దానికి బదులు ఇంకో థ్రెడ్ పలకదు. అలాగే డిస్క్ నెమ్మదిగా ఉంటే రెండు కోర్లూ కలిసి ఎదురుచూస్తాయి, అంతే తేడా.

కాబట్టి ఈసారి మిషన్ మందగించినప్పుడు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, లాజికల్ ప్రాసెసర్ల వారీగా చూపమనండి. హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ విండోస్‌కు రెండుగా కనిపించే ఏర్పాటు) ఉన్న చిప్ అయితే రెండు కోర్లకు నాలుగు గ్రాఫులు వస్తాయి, కంగారు పడకండి. అప్పుడు ఒంటరి థ్రెడ్ 25 దగ్గర ఆగుతుంది. అన్నీ పైకప్పుకు అంటుకుని ఉంటే ప్రాసెసర్‌కు నిజంగానే చాలినంత పనుంది. అన్నీ కిందనే ఉండి డిస్క్ 100 చూపిస్తుంటే దోషం డిస్క్‌ది. గీత సరిగ్గా ఒక కోర్ వాటా దగ్గర నిలబడి ఉంటే మాత్రం ఆ ప్రోగ్రామ్ సెట్టింగుల్లో థ్రెడ్ల సంఖ్య అనే గడి ఉందేమో వెతకండి. ఫైళ్లను కుదించే సెవెన్‌జిప్‌లో ఉంది. అందులోనూ ఎల్‌జడ్‌ఎంఏ అనే పద్ధతి ఎంచుకుంటే రెండు థ్రెడ్లకు మించి వాడుకోదు, ఎల్‌జడ్‌ఎంఏ2 అయితే అంతకన్నా ఎక్కువ కోర్లకు కూడా పని పెడుతుంది.